అపర భగీరథుడు సర్ ఆర్థర్ కాటన్

బావులు, చెరువులు త్రవ్వించడం, దేవాలయాలు నిర్మించడం, అన్నదానం చేయడం అనే సత్కార్యాలను మన ధర్మశాస్త్రాలు ఒకే వరుసలో చేర్చి ‘పూర్త’మని పేర్కొన్నాయి. జలదాతకూ ఆలయ నిర్మాతకూ పుణ్యఫలంలో భేదం లేదన్నది పెద్దల భావన. ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవం జరుపుకొంటున్న ఈ శుభ తరుణంలో, మన గోదావరి సీమకు జలదానం చేసిన కాటన్ దొరను స్మరించుకోవడం సముచితం.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో శిక్షణ పొంది, మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో భారతదేశానికి బయలుదేరారు. 1824-26 నాటి మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. యుద్ధం ముగిసిన పిమ్మట ఆయన జీవితం నదుల సేవకే అంకితమైంది.

ముందుగా కావేరీ తీరం ఆయనకు పాఠశాల అయింది. కరికాల చోళుడు నిర్మించినట్లు ప్రసిద్ధి పొందిన కల్లణైను ఆయన శ్రద్ధగా పరిశీలించారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే విద్యను ఆ ప్రాచీన శిల్పుల నుండే నేర్చుకొన్నట్లు ఆయనే అంగీకరించారు. 1836లో కొల్లిడం నదిపై ఆనకట్టలు కట్టారు.

అప్పటి గోదావరి మండల స్థితి హృదయవిదారకం. నది నిండుగా పారుతున్నా పొలానికి నీరు లేదు. 1832-33లో వచ్చిన కరువుకు గుంటూరు మండలంలో లక్షలాది ప్రజలు బలి అయ్యారు. 1839లో కోరంగి తీరాన్ని పెను తుఫాను ముంచెత్తింది. 1821లో 7.38 లక్షలున్న రాజమహేంద్రవర మండల జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. ఈ దుస్థితిని చూచి కాటన్ 1844లో ఆనకట్ట ఆవశ్యకతను వివరిస్తూ ప్రభుత్వానికి నివేదిక సమర్పించారు.

1847లో పని ప్రారంభమైంది. శ్రీ జనార్దనస్వామి వెలసిన ధవళేశ్వరం కొండ నుండే రాయి తీశారు. లంకలు నదిని పాయలుగా చీల్చే చోట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచింది. కాటన్ అనారోగ్యంతో సెలవుపై వెళ్ళినప్పుడు కెప్టెన్ ఆర్ పనిని ముందుకు నడిపించారు. మన తెలుగువారైన వీణం వీరన్న గారు కాటన్‌కు కుడిభుజంగా నిలిచారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. గన్నవరం వద్ద వైనతేయ పాయపై 49 ఖానాలతో నిర్మించిన అక్విడక్టు నగరం లంకకు నీరందించింది.

శిస్తు పెరిగి కుంపెనీ లాభపడిన మాట నిజమే. అయినను ఆకలి తీరినది మన రైతులకు. ఆ ఎండలో రాళ్ళు మోసిన వేలాది కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వారికీ మన నమస్కారం చెందాలి.

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేశారు. 1861లో ఆయనకు ‘సర్’ బిరుదు లభించింది. భారతదేశానికి రైలు మార్గాల కంటే కాలువలే ముఖ్యమని ఆయన వాదించారు. ఆ వాదాన్ని పాలకులు ఆదరించలేదు. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట ఎన్నో కఠిన ప్రశ్నలను ఎదుర్కొన్నా ఆయన తన మాటకు కట్టుబడి నిలిచారు. వృద్ధాప్యంలో డార్కింగ్‌లో నివసిస్తూ లోతుగా దున్ని పైరు పెంచే ప్రయోగాలు చేశారు. 1899 జూలైలో, తొంబది ఆరేళ్ళ వయసులో, అక్కడే తనువు చాలించారు.

ఆయన దేహం ఆంగ్లభూమిలో కలిసినా నామం గోదావరిలో నిలిచింది. నదీస్నాన సంకల్ప వేళ ఆయనను స్మరించే పురోహితులు ఈ సీమలో ఉన్నారు. పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన నేటి బ్యారేజీ ఆయన పేరునే ధరించి, సుమారు పది లక్షల ఎకరాలకు నీరందిస్తున్నది.

పాతదాని గుణం గ్రహించి, శిథిలమైన దానిని తిరిగి నిలబెట్టడమే జీర్ణోద్ధరణ. చోళ శిల్పుల విద్యతో గోదావరిని మలచిన కాటన్ చేసినది అట్టి పనియే. నేడు స్వామికి నివేదించే ప్రతి మెతుకులోనూ ఆ నీరున్నది. ఈ ఆలయానికి ధన, శ్రమ దానాలు చేసిన మహాశయులందరూ ఆ పూర్తధర్మ పరంపరలోని వారే. వారి వంశములు పాడిపంటలతో వర్ధిల్లుగాక!