ఎనిమిది భాషాభాగముల పూర్వచరిత్ర

మన పాఠశాలలలో ఇంగ్లీషు వ్యాకరణమును చేతబట్టిన ప్రతి బాలుడును మొట్టమొదట వల్లించునది 'పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిది' అను మాట. నౌన్, ప్రొనౌన్, యాడ్జెక్టివ్, వెర్బ్, యాడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్ అని వ్రేళ్లు మడిచి లెక్కపెట్టి, అష్టదిక్కులవలె ఇవియు అనాదిసిద్ధములని తలంచి, ఆ లెక్క నెవరు పెట్టిరో, ఏ భాషకై పెట్టిరో విచారింపకయే మనలో పెక్కండ్రము చదువు ముగించితిమి. విచారించినచో ఆ లెక్క ఇంగ్లీషువారిది కాదనియు, ఇంగ్లీషు భాష పుట్టుటకు ఎన్నియో శతాబ్దములకు మునుపే వేఱొక భాషకై యేర్పడినదనియు తెలియును.

క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమున ఈజిప్టునందలి అలెగ్జాండ్రియా నగరము గ్రీకు పాండిత్యమునకు నిలయమై యుండెను. హోమరు కావ్యములు అప్పటికే ప్రాచీనములై, వాని భాష సామాన్యులకు దురవగాహమగుచుండుటచే, వానిని శుద్ధముగా చదువుటకును చదివించుటకును అచటి పండితులు వ్యాకరణశాస్త్రమును పెంచి పోషించిరి. ఆ సంప్రదాయమునకు చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేర వెలసిన చిన్న గ్రంథమున పదములు ఎనిమిది తెగలుగా విభజింపబడినవి. అందు నామము, క్రియ, సర్వనామము మొదలగునవి కలవు, ఆర్టికల్ కలదు, క్రియాజన్యమై నామమువలె విభక్తులను పొందు పార్టిసిపుల్ వేఱొక తెగగా కలదు. కాని యాడ్జెక్టివ్ లేదు, అది నామముననే అంతర్భూతము. ఇంటర్జెక్షన్‌కును స్థానము లేదు. ఈ తెగలకు గ్రీకులు పెట్టిన పేరు 'వాక్యభాగములు' అను అర్థము నిచ్చునది. ఈ పేరుతో మనకు మఱల పని కలుగును.

గ్రీకుల శాస్త్రమును గ్రహించిన రోమనులకు ఒక చిక్కు కలిగెను. లాటినునందు ఆర్టికల్ లేదు. లేనిదానిని విడిచి ఏడని చెప్పిన సరిపోవునుగదా! వారట్లు చేయక, గ్రీకులు క్రియావిశేషణములలో చేర్చియుంచిన 'అయ్యో', 'ఆహా' వంటి పదములను వెలికి తీసి, ఇంటర్జెక్షన్ అని పేరిడి, ఖాళీపడిన పీటపై కూర్చుండబెట్టిరి. శాస్త్రమున సంఖ్యకు గల గౌరవమెంతటిదో ఈ యొక్క కార్యమే చాటుచున్నది. 4వ శతాబ్దమున డొనాటస్ బాలురకై ప్రశ్నోత్తరరూపమున రచించిన లఘువ్యాకరణమును, 500 ప్రాంతమున కాన్‌స్టాంటినోపిల్ నగరమున ప్రిస్కియన్ రచించిన 18 భాగముల మహాగ్రంథమును ఈ లెక్కను ఐరోపాఖండపు మఠములన్నిటను స్థిరపఱచినవి. గ్రామర్ అనగా లాటిను వ్యాకరణమే యను భావము అప్పుడు పాతుకొన్నది.

ఇంగ్లండున సుమారు 1000లో ఏల్ఫ్రిక్ అను సన్న్యాసి బాలురకై తమ దేశభాషలో వ్యాకరణమును వ్రాసెను. కాని అదియు లాటిను నేర్పుటకే. స్వభాషకును నియమములు కలవని నిరూపింపవలెనను సంకల్పముతో, ఇంగ్లీషుభాషకు ఇంగ్లీషుననే తొలి వ్యాకరణమును 1586లో ప్రకటించినవాడు విలియం బుల్లోకర్. ఆ సంకల్పము మిక్కిలి కొనియాడదగినది. ఆయన ఒరవడిగా గైకొన్నది మాత్రము రాజాజ్ఞచే పాఠశాలలలో నెలకొన్న లిల్లీ లాటిను వ్యాకరణము. 1653లో జాన్ వాలిస్ తన గ్రంథమును లాటిన్‌లో వ్రాసియు, లాటిను విభక్తులను ఇంగ్లీషు నామములకు తగిలించుట తగదని వాదించెను.

18వ శతాబ్దమున నామమునుండి యాడ్జెక్టివ్ విడివడెను, పార్టిసిపుల్ క్రియలో చేరిపోయెను. 1762లో రాబర్ట్ లౌత్ ప్రకటించిన వ్యాకరణమునను, యార్క్ నగరముచెంత నివసించుచుండిన లిండ్లీ మఱ్ఱే అచటి బాలికాపాఠశాలకై రచించి 1795లో ప్రకటించిన వ్యాకరణమునను ఆర్టికల్‌తో కలిసి భాగములు తొమ్మిది. తరువాతివారు ఆర్టికల్‌ను యాడ్జెక్టివ్‌లో చేర్చుటచే లెక్క మఱల ఎనిమిదికి వచ్చెను. డయొనీసియస్ ఎనిమిదియు మన ఎనిమిదియు ఒకటి కావు. సంఖ్య నిలిచినది, సభ్యులు మాఱిరి.

ఇంతకును గ్రీకు, లాటిను భాషలలో పదము తన జాతిని సాధారణముగా తన రూపమునందే తెలుపును, మన రాముడు, రాముని, రామునకు వలె. ఇంగ్లీషో, ప్రాచీనకాలమున తనకు గల ప్రత్యయములలో పెక్కింటిని క్రమముగా పోగొట్టుకొన్నది. 'రౌండ్' అను నొక్క పదమును చూడుడు: 'రౌండ్ టేబుల్' అన్నప్పుడు విశేషణము, కాపలావాడు తిరుగు 'రౌండ్' నామము, మూల తిరుగుటను చెప్పునప్పుడు క్రియ, నిప్పు చుట్టును కూర్చుండుటను చెప్పునప్పుడు ప్రిపొజిషన్. రూపము చెక్కుచెదరలేదు, స్థానమే జాతిని నిర్ణయించినది. గ్రీకులు పెట్టిన 'వాక్యభాగములు' అను పేరు గ్రీకునందు కంటె ఇంగ్లీషునందే ఎక్కువ సార్థకమైనదని నా యభిప్రాయము. నిఘంటువు చూచి పదమునకు జాతి చెప్పు విద్యార్థి కంటె, వాక్యము చూచి చెప్పువాడే ఇంగ్లీషు నెఱిగినవాడు.

నెస్‌ఫీల్డు, ఆపైని రెన్, మార్టినుల వ్యాకరణముల మూలమున ఈ యెనిమిదియు మన దేశపు బడులలో ప్రవేశించునప్పటికి మన శాస్త్రము రిక్తముగా లేదు. యాస్కుడు పదములను నామము, ఆఖ్యాతము, ఉపసర్గము, నిపాతమని నాలుగుగా చెప్పెను. పాణిని సుబంతము, తిఙంతమని రెండింటితో సరిపుచ్చెను. చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములు కలవు గాని ఈ యెనిమిది గదుల కట్టడము లేదు. కావున తెలుగు ఉపాధ్యాయులు పరదేశపు తెగలకు ఇంటి పేళ్లను వెదకవలసివచ్చెను. ప్రిపొజిషన్ అనగా ముందు నిలుపబడినది. మన 'బల్లమీద' యందలి 'మీద' వెనుక నిలుచును, కనుక ఆ పేరు మనకు పొసగలేదు. ప్రొనౌన్‌కు మాత్రము సర్వనామమను పేరు సిద్ధముగా దొరకెను. పాణిని దానిని 'సర్వ' శబ్దము మొదలుగాగల పదముల పట్టికకు పెట్టియుండెను. నామమునకు బదులు వచ్చుట యను భావము ఆ పేరున లేదు. నామమునకు బదులుగా వాడబడునది సర్వనామమని మన బాలుడు పలకపై వ్రాసిన ఆ యొక్క పంక్తిలో, లక్షణము గ్రీకులది, పేరు పాణినిది.