గుంటూరులో గ్రహణం మర్నాడు

ఆగస్టు నెలలో తెలుగు నేలకు సైన్సు చరిత్ర రాసిచ్చిన తేదీలు రెండున్నాయి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో హీలియంను కనుక్కున్నాడు. పోటీ పరీక్షల పుస్తకాలూ, పత్రికల్లో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికలూ ఏటా ఈ రెండింటినీ అప్పజెబుతుంటాయి.

మొదటిదానితో పేచీ లేదు, రెండోదానితోనే ఉంది. జాన్సెన్ ఆ రోజు గుంటూరులో ఉన్నమాట నిజం. గ్రహణం చూసినమాట నిజం. సూర్యుడి వెలుగులో ఒక పసుపుపచ్చ గీత చూసినమాటా నిజమే. కొత్త మూలకం దొరికిందని మాత్రం ఆయన అనలేదు. ఫ్రాన్సుకు పంపిన ఉత్తరంలోనూ రాయలేదు. ఆయన గుంటూరులో కనుక్కున్నది వేరే సంగతి. అది సాధ్యమైంది గ్రహణం రోజున కాదు, మర్నాడు.

నీడ వెంట దండు

గ్రహణం రోజు విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారం. చంద్రుడి నీడ ఏడెన్ వైపు నుంచి వచ్చి అరేబియా సముద్రం దాటింది. దక్కను మీదుగా గుంటూరు, బందరు తాకి బంగాళాఖాతంలోకి దిగింది. అక్కణ్ణుంచి సయాం, బోర్నియోలకు సాగింది. సంపూర్ణ గ్రహణం ఎక్కువసేపు నిలిచిన చోట 6 నిమిషాల 47 సెకన్లు ఉంది, గుంటూరులో ఐదు నిమిషాలు దాటింది. సూర్యుణ్ణి చదివేవాళ్లకు అన్ని నిమిషాల చీకటి ఒక్కసారిగా దొరకడం అరుదు. అందుకే ఆ దారి పొడవునా దుర్భిణులు నిలబడ్డాయి.

జాన్సెన్ ఫ్రాన్సు నుంచి ఓడలో మద్రాసు చేరి, అక్కణ్ణుంచి ఉత్తరానికి వచ్చాడు. గుంటూరును ఎంచుకోవడానికి ఆయన లెక్క ఆయనకుంది. బందరు తీరాన సముద్రపు మంచు తరచుగా కమ్ముతుంది, కొండల దగ్గర శిఖరాలకు మబ్బు పడుతుంది. గుంటూరు రెండింటికీ దూరం. అదే ఊళ్లో మేజర్ టెన్నంట్ ఆధ్వర్యంలో బ్రిటిష్ బృందం ఫొటోలు తీసే సరంజామాతో దిగింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ బందరులో మకాం పెట్టాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు. అంతకు ముందు ఏడాదే ఒక చరకాంతి తారను, అంటే వెలుగు పెరిగి తరిగే చుక్కను, గుర్తించిన మనిషి ఆయన. పశ్చిమాన జమఖండిలో లెఫ్టినెంట్ హెర్షెల్ ఉన్నాడు. సయాంలో అయితే రాజు మాంగ్‌కుట్టే గ్రహణ సమయం స్వయంగా గణించి, పరివారంతో అడవి తీరానికి తరలివెళ్లాడు. లెక్క తప్పలేదు. కానీ అక్కడ పట్టుకున్న మలేరియాతో అక్టోబరు 1న చనిపోయాడు. ఆ జ్వరం దోమ నుంచి వస్తుందని సికింద్రాబాదు చెప్పడానికి ఇంకా 29 ఏళ్లు పట్టింది.

ఇంతమందీ వచ్చింది ఒక్క ప్రశ్న కోసం. సంపూర్ణ గ్రహణంలో నల్లటి బింబం అంచున ఎర్రటి నాలుకలు కొన్ని లేచి కనిపిస్తాయి. వీటిని సౌరజ్వాలలంటారు. అవి సూర్యుడివా, చంద్రుడివా అన్న తగువు 1860లో స్పెయిన్‌లో తీసిన గ్రహణం ఫొటోలతో తీరింది. అవి సూర్యుడివే. మరి దేనితో చేసినవి? మండే మబ్బులా, ఘనపదార్థమా, వాయువా?

దీనికి జవాబు చెప్పగల పనిముట్టు అప్పటికే చేతికొచ్చింది. వెలుగును గాజు పట్టకం గుండా పంపి రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపు అది. ఒక్కో మూలకం వేడెక్కి వెలిగినప్పుడు తనకే సొంతమైన గీతలు గీస్తుందని జర్మనీలో కిర్చాఫ్, బున్సెన్ 1859, 60ల్లో రుజువు చేశారు. సోడియం అయితే పక్కపక్కనే రెండు పసుపు గీతలు. గీతలు చూసి మూలకం పేరు చెప్పొచ్చు. వెలిగేది ఘనపదార్థమైతే ఇంద్రధనుస్సులా తెగని రంగుల పట్టీ వస్తుంది. పలచని వాయువైతే విడివిడి గీతలొస్తాయి. 1868 నాటిది ఈ పనిముట్టుకు దొరికిన మొదటి పెద్ద గ్రహణం.

ఐదు నిమిషాలు, ఒక ఆలోచన

ఉదయం పూట గ్రహణం పట్టింది. చీకటి పడగానే జాన్సెన్ స్పెక్ట్రోస్కోపు చీలికను ఒక జ్వాల మీదికి తిప్పాడు. తెగని పట్టీ లేదు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా రంగుల్లో ఐదారు గీతలు, అన్నీ దేదీప్యమానంగా ఉన్నాయి. ఎర్ర గీత, నీలి గీత హైడ్రోజన్‌వి. అంటే సౌరజ్వాలలు వాయుమయం, ప్రధానంగా హైడ్రోజన్. దారి పొడవునా ఉన్న మిగతావాళ్లకూ ఆ ఉదయం దాదాపు ఇదే జవాబు దొరికింది.

పసుపు గీతను అందరూ చూశారు. అది సోడియం గీతల చోటే ఉన్నట్టు కనిపించింది గనక ఎక్కువమంది ‘డి’ అనే అక్షరంతో సోడియం కిందే రాసుకున్నారు. గ్రహణం సాగే కాసేపట్లో గీత చోటును వెంట్రుకవాసి తేడా లేకుండా కొలవడం ఎవరి తరమూ కాలేదు. బందరులో పాగ్సన్ మటుకు అది సరిగ్గా సోడియం చోట లేదేమోనన్న సందేహం వెలిబుచ్చాడు. ఆయన నివేదికను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అందరూ గీతలు నమోదు చేసుకుంటుంటే జాన్సెన్‌ను ఇంకో సంగతి పట్టుకుంది. ఇంత కాంతివంతమైన గీతలు కనబడటానికి చీకటి ఎందుకు? గ్రహణం విడిచాక కూడా ఇవి దొరకాలి కదా! ఆ పగలే ప్రయత్నించేవాడు గానీ ఆకాశం మబ్బేసింది. మర్నాడు, ఆగస్టు 19న, పొద్దున్నే మళ్లీ పరికరం ముందు కూర్చున్నాడు. సూర్యబింబం అంచున, నిండు వెలుగులో, అవే గీతలు కనిపించాయి.

ఇది ఎలా సాధ్యమైందో ఆగి చూడదగ్గదే. పగలు సౌరజ్వాలలు కనబడకపోవడానికి కారణం వాటి వెలుగు తక్కువని కాదు, చుట్టూ ఆకాశంలో చెదిరిన ఎండ వాటిని ముంచేస్తుందని. ఆ ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. పట్టకాలతో దాన్ని విడదీసినకొద్దీ పొడవాటి పట్టీగా సాగి పలచబడుతుంది. జ్వాల వెలుగు మాత్రం ఐదారు గీతల్లోనే గూడుకట్టుకుని ఉంటుంది, ఎంత విడదీసినా గీత గీతగానే నిలుస్తుంది. బియ్యాన్ని చాటలో పలచగా పరిస్తే రాళ్లు బయటపడినట్టు, నేపథ్యం వెలిసిపోయి గీతలు తేలతాయి. చీలికను బింబం అంచు వెంట కొద్దికొద్దిగా జరుపుతూ, గీత ఎక్కడ పొడుగ్గా ఉంది, ఎక్కడ పొట్టిగా ఉంది అని గుర్తు పెట్టుకుంటూ పోతే జ్వాల ఆకారం మొత్తం గీయొచ్చు. జాన్సెన్ సెప్టెంబరు 4 దాకా అదే పని చేశాడు. ఈ జ్వాలలు నిమిషాల మీద రూపం మార్చుకుంటాయని కళ్లారా చూశాడు. అప్పటిదాకా ఏ మనిషికీ ఒక్క గ్రహణంలో ఐదారు నిమిషాలకు మించి దొరకని దృశ్యం ఆయనకు గుంటూరులో పదిహేడు రోజులు దొరికింది.

కాకినాడ నుంచి ఒక ఉత్తరం

జాన్సెన్ ఈ సంగతులన్నీ సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ప్యారిస్‌లోని సైన్సు అకాడమీకి రాశాడు. సూయజ్ కాలువ ఇంకా తెరవని కాలం. ఉత్తరం ప్యారిస్ చేరేసరికి నెల దాటింది.

ఈలోపు లండన్‌లో నార్మన్ లాకియర్ అనే యుద్ధశాఖ గుమాస్తా, తీరికవేళల్లో ఆకాశం చూసేవాడు, ఇదే ఆలోచనతో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గ్రహణం లేకుండానే జ్వాలల గీతలు పట్టొచ్చని ఆయనకు రెండేళ్ల కిందటే తోచింది. తగినంత శక్తిమంతమైన స్పెక్ట్రోస్కోపు చేయించడానికి డబ్బు కూడా పుట్టించాడు. తయారీదారు దగ్గర ఆలస్యమై, అది ఆయన చేతికి 1868 అక్టోబరులో గానీ రాలేదు. అక్టోబరు 20న దాన్ని సూర్యుడి అంచుకు తిప్పాడు. గీతలు దొరికాయి. గుంటూరు సంగతి ఆయనకు తెలియదు.

అక్టోబరు 26న ప్యారిస్ అకాడమీ సమావేశంలో ఆ ఇద్దరి ఉత్తరాలూ ఒకే పూట చదివారు. ముందు ఎవరు అన్న జగడం లేవకుండా, ఘనత ఇద్దరికీ సమంగా ఇద్దామని అక్కడి పెద్దలు తేల్చారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన అచ్చొత్తి పతకం వేయించింది. పతకం మీద ఉన్నది ‘సౌరజ్వాలల విశ్లేషణ’ అన్న మాట, 1868 ఆగస్టు 18 అన్న తేదీ. హీలియం ఊసు లేదు. ఆ రెండు ఉత్తరాల్లోనూ లేదు. ఇద్దరూ ఒకే రోజు హీలియంను ప్రకటించారని చెప్పుకునే కథ తర్వాతి వాళ్ల అల్లిక.

అసలు చిక్కు లాకియర్‌కు ఆ తర్వాత ఎదురైంది. ఆయన దగ్గర రోజూ చూసుకునే వెసులుబాటు ఉంది, గీతల చోటు తీరిగ్గా కొలిచే పరికరం ఉంది. కొలిచి చూస్తే పసుపు గీత సోడియంది కాదు. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గరుంది. సోడియంవి డి1, డి2 గనక దీనికి డి3 అన్న గుర్తు స్థిరపడింది. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లండ్‌తో కలిసి హైడ్రోజన్‌ను రకరకాల వేడిలో, ఒత్తిడిలో పరీక్షించాడు. ఆ గీత రాలేదు. భూమ్మీద తెలిసిన ఏ పదార్థమూ దాన్ని ఇవ్వలేదు. అప్పుడు గ్రీకుల సూర్యుడు హీలియోస్ పేరు మీద ‘హీలియం’ అన్న మాట పుట్టింది. 1871లో బ్రిటిష్ అసోసియేషన్ సభలో విలియం థామ్సన్ దాన్ని బహిరంగంగా పలికాడు. రసాయన శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మలేదు. సీసాలో చూపించలేని మూలకమేం మూలకమన్నది వాళ్ల వాదన. అందులో న్యాయం లేకపోలేదు.

సీసాలోకి దిగడానికి 27 ఏళ్లు

హీలియం అన్నాళ్లు ఎందుకు దొరకలేదు? విశ్వంలో హైడ్రోజన్ తర్వాత అదే ఎక్కువ, మామూలు పదార్థపు బరువులో సుమారు పావు వంతు. కానీ అది దేనితోనూ కలవదు, అందుకే ఏ లవణంలోనూ, ఏ ఆమ్లంలోనూ పట్టుబడదు. బహు తేలిక గనక భూమి గాలిలో నిలవక పైకి జారిపోతుంది. మామూలు ఎండలోని నల్ల గీతల్లోనూ దాని జాడ కనబడదు, ఎందుకంటే సూర్యుడి ఉపరితలపు వేడి దాన్ని కదిలించడానికి చాలదు. అంతకు పైపొరల్లో, జ్వాలల్లోనే అది వెలుగుతుంది. జ్వాలల వెలుగును విడదీసి చూసేదాకా దాని మీదికి మనిషి చూపు పడలేదు.

భూమ్మీద అది రాళ్లలో దాక్కుని ఉంది. యురేనియం, థోరియం వంటివి క్షయిస్తూ హీలియంను పుట్టిస్తాయి, అది ఖనిజంలోనే చిక్కుకుంటుంది. 1890 ప్రాంతంలో హిల్లెబ్రాండ్ అనే అమెరికన్ యురేనియం ఖనిజం నుంచి ఒక జడవాయువును తీసి, నైట్రోజన్ అనుకుని వదిలేశాడు. ఆ సంగతి లండన్‌లో విలియం రామ్సే చెవిన పడింది. అప్పటికి ఆయన రేలీతో కలిసి ఆర్గాన్ కనుక్కుని, అది ఇంకెక్కడైనా దొరుకుతుందా అని వెతుకుతున్నాడు. క్లీవైట్ అనే యురేనియం ఖనిజం కొని ఆమ్లంలో కాచాడు. 1895 మార్చిలో బయటికొచ్చిన వాయువు గీతలు చూస్తే ఆర్గాన్ కాని పసుపు గీత ఒకటి తళుక్కుమంది. సోడియమా? కాదు, పక్కకు జరిగి ఉంది. గీతలు కొలవడంలో దిట్ట అయిన క్రూక్స్‌కు ఆ వాయువు నింపిన గొట్టం పంపితే డి3 అని తేల్చాడు. సూర్యుడి మూలకం సీసాలో ఉంది. స్వీడన్‌లోని ఉప్సాలాలో క్లీవ్, లాంగ్లే అదే ఏడాది విడిగా దాన్ని తీసి అణుభారం కూడా కొలిచారు. అప్పటికి జాన్సెన్, లాకియర్ ఇద్దరూ బతికే ఉన్నారు.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. 1908 జులై 10న హాలండులో కామెర్లింగ్ ఓనెస్ హీలియంను ద్రవంగా మార్చాడు. సున్నాకు 269 డిగ్రీలు దిగువన మరిగే ఆ ద్రవమే ఈనాడు ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ యంత్రాల అయస్కాంతాలను చల్లగా ఉంచుతోంది.

ఇంతకీ హీలియంను కనుక్కున్న రోజు ఏది? గీత కళ్లబడిన 1868 ఆగస్టు 18నా? అది సోడియం కాదని తేలిన రోజా? సీసాలో చిక్కిన 1895 మార్చి నాటిదా? క్యాలెండరుకు ఒక్క గడే ఉంటుంది గనక మొదటిదాన్ని పట్టుకుంది. అలా పట్టుకోవడంలో పాగ్సన్ సందేహం, లాకియర్ కొలత, రామ్సే ఆమ్లం గొట్టం రాలిపోయాయి. గుంటూరుకు నిజంగా దక్కాల్సిన గౌరవం కూడా రాలిపోయింది.

ఆగస్టు 18న గుంటూరులో జరిగినది జమఖండిలోనూ, బందరులోనూ, సయాం తీరంలోనూ జరిగింది. ఆ రోజు జాన్సెన్ ఒకానొక పరిశీలకుడు. 19న జరిగింది మాత్రం గుంటూరులోనే, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అప్పటిదాకా సూర్యుడి జ్వాలలు చూడాలంటే గ్రహణం కోసం ఏళ్లు ఆగి, సముద్రాలు దాటి, మబ్బు రాకూడదని మొక్కుకోవాలి. జాన్సెనే 1870 డిసెంబరులో, జర్మన్ సేనలు ముట్టడించిన ప్యారిస్ నుంచి బెలూన్‌లో తప్పించుకుని అల్జీరియాకు గ్రహణం చూడబోతే, అక్కడ మబ్బే మిగిలింది. సూర్యుడి చుట్టూ ఉండే వెలుగు వలయమైన కరోనా కోసం ఆ తిప్పలు తప్పలేదు గానీ, జ్వాలల కోసం ఎవరూ ఇక గ్రహణానికి ఎదురుచూడనక్కర లేకపోయింది.

గుంటూరు పద్ధతినే మెరుగుపరిచి, సూర్యుణ్ణి ఒకే గీత వెలుగులో ఫొటో తీసే పరికరాలు తర్వాత తయారయ్యాయి. పాగ్సన్ పనిచేసిన మద్రాసు నక్షత్రశాలకు వారసురాలైన కొడైకెనాల్ సౌర పరిశోధనశాల 20వ శతాబ్దం తొలి దశకం నుంచీ అలాంటి ఫొటోలు తీస్తూ వచ్చింది. వందేళ్లకు పైబడిన ఆ నిధి సూర్యుడి ప్రవర్తనను చదివేవాళ్లకు ఈనాటికీ ఆధారం. గుంటూరు తన పేర ఒక రోజు జరుపుకోదలిస్తే ఆగస్టు 18ని గ్రహణానికి వదిలేసి 19ని తీసుకోవాలి.