గని మేనేజరు

గని మేనేజరు అంటే ఒక గని నిర్వహణకూ, అందులో పనిచేసే వారి రక్షణకూ చట్టరీత్యా బాధ్యత వహించే అధికారి. తెలంగాణలో సింగరేణి బొగ్గుబాయిల ప్రాంతమంతటా ఇది సుపరిచితమైన హోదా. బొగ్గు గనుల్లో దీనికి అర్హత ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) పరీక్ష పెట్టి ఇచ్చే మేనేజరు సర్టిఫికెట్.

చట్టంలో స్థానం

1952 నాటి గనుల చట్టం 17వ సెక్షన్ ప్రతి గనీ ఒకే మేనేజరు కింద ఉండాలని నిర్దేశించింది. యజమాని గానీ ఏజెంటు గానీ ఆయనకిచ్చే ఆదేశాలను వెంటనే రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అత్యవసర పరిస్థితిలో తప్ప, చట్టపరమైన విధులకు సంబంధించిన ఆదేశాలను మేనేజరును దాటి కింది సిబ్బందికి ఇవ్వకూడదు. ఉత్పత్తి కోసం పైనుంచి వచ్చే ఒత్తిడి నేరుగా కార్మికుడి మీద పడకుండా ఈ నిబంధన అడ్డుకుంటుంది. నిబంధనల ఉల్లంఘన జరిగితే తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని మేనేజరే నిరూపించుకోవాలి.

విధులు

మేనేజరు కింద అండర్ మేనేజరు, ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్ వరుసగా ఉంటారు. సర్దార్ తన పరిధిలోని పని స్థలాలను తనిఖీ చేసి నివేదిక రాస్తాడు. కప్పు కూలకుండా ఆధారాలు ఎక్కడ, ఎలా నిలపాలో తెలిపే ప్రణాళికను అమలు చేయించడం, గాలి సరఫరా చూడడం, వాయువులను కొలిపించడం మేనేజరు బాధ్యత. గాలిలో మీథేన్ 1.25 శాతం మించితే అక్కడి విద్యుత్ సరఫరా ఆపాలి. నీరు నిండిన పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా డీజీఎంఎస్ అనుమతి కావాలి.

ఈ చివరి నియమం ఎంత ముఖ్యమో ప్రమాదాల చరిత్రే చెబుతుంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చాస్నాలా గనిలోకి నీరు చొరబడి 375 మంది మరణించారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు.

కార్మికుల భాగస్వామ్యం

100 మందికి మించి పనిచేసే గనిలో మేనేజరు అధ్యక్షతన రక్షణ కమిటీ ఉండాలి. 500 మంది, అంతకు మించి ఉన్నచోట గుర్తింపు పొందిన కార్మిక సంఘాన్ని సంప్రదించి వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లను నియమించాలి. వారు గని తిరిగి చూసి లోపాలను పుస్తకంలో రాస్తారు. వాటిపై ఏం చర్య తీసుకున్నదీ యాజమాన్యం అందులోనే నమోదు చేయాలి.

ప్రస్తుత స్థితి

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020లో గనుల చట్టం విలీనమైంది. ప్రతి గనికీ అర్హతలున్న ఒక మేనేజరు ఉండాలన్న నియమం కోడ్‌లోనూ కొనసాగుతోంది.