వెనక సీటు తీసేస్తారట!

1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్ గారు మొదటి మారుతి 800 తాళాలు అందుకున్నారు. ధర సుమారు 47,500 రూపాయలు. అప్పటిదాకా కారంటే అంబాసిడరో, ఫియట్టో. ఇదేమో 796 సీసీ, మూడే సిలిండర్లు, బరువు 650 కిలోల చుట్టుపక్కల. మనలో చాలామంది డ్రైవింగ్ నేర్చుకున్నది కూడా దీనిమీదే కదండీ!

ఆ తేలికదనమే ర్యాలీ సరదా ఉన్న కుర్రాళ్లను పట్టుకుంది. సెకండ్ హ్యాండ్‌లో చవక, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ ఇంజన్, ఐదో గేరు వచ్చాయి. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అందుకే ఇప్పుడు కొనేవాళ్లు ముందు కాగితాలు చూడాలి. పదిహేనేళ్లు దాటితే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి.

మా మరిది ఇప్పుడు ఆ పనిమీదే ఉన్నాడు. సీతంపేట నుంచి ఆడలి కొండెక్కే మలుపులు చూస్తే అతనికి ఆగదు. ర్యాలీలో వేగం చూసేది మూసేసిన దారిలో. ఇక్కడ సంతకి నెత్తిన బరువులతో నడిచొచ్చే ఆడవాళ్లుంటారు. ఘాట్‌లో ప్రాక్టీసు కుదరదని గట్టిగానే చెప్పాను.

వెనక సీటు పీకేసి, లోపల ఇనుప గొట్టాల చట్రం బిగిస్తారు. కారు బోర్లాపడితే పైకప్పు నలగకుండా ఆపేది ఆ రోల్ కేజే. మరిది లిస్టులో ముందు ఇంజన్ ఉంది. నేను కొట్టేసి కేజ్, బ్రేకులు, హెల్మెట్ పైకి రాశాను.

సీటు మాత్రం పారేయొద్దంది అత్తయ్య. అరుగు మీద వేయించుకుంటుందట.