ఒకే పేరు గల రెండు తుపాకులు: వించెస్టర్ మోడల్ 70 కథ

అమెరికాలో పాత వేట తుపాకి కొనదలచినవాడు వించెస్టర్ మోడల్ 70 రైఫిలును చేతికి తీసుకొని మొట్టమొదట చూచేది దాని మీద చెక్కిన క్రమసంఖ్యను. అది 7,00,000 కు లోపుదైతే ఒక ధర, ఆ పైదైతే వేరొక ధర. పేరొకటే, చేసిన కంపెనీ ఒకటే, చూపునకు ఆకారమూ ఇంచుమించు ఒకటే. అయినా 1963 వరకు తయారైనవాటికి ఉన్న గిరాకి 1964లో వచ్చినవాటికి లేదు. కారణము ముఖ్యముగా ఒక చిన్న ఉక్కు కొక్కెము.

బోల్టు రైఫిలు పనిచేసే తీరు తలుపు గడియను పోలినది. పిడిని పైకెత్తి వెనుకకు లాగితే కాల్చిన తూటా గుల్ల బయటపడుతుంది. ముందుకు తోసి క్రిందికి తిప్పితే కొత్త తూటా గొట్టములోనికి పోయి మూత బిగుస్తుంది. గుల్లను పట్టి లాగే కొక్కెమునే ఎక్స్‌ట్రాక్టరు అంటారు. జర్మనీలో పాల్ మౌజర్ రూపొందించిన 1898 నాటి రైఫిలులో ఇది బోల్టు ప్రక్కన పొడవుగా అమరిన ఉక్కు పట్టీ. బోల్టు తిరిగినా ఇది తిరగదు. మేగజీను నుండి పైకి వచ్చే తూటా అంచు తిన్నగా ఈ కొక్కెము క్రిందికి జారి చిక్కుకొంటుంది. జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు బహుమానముగా పొందిన రిగ్బీ రైఫిలు కూడ మౌజర్ రకముదే.

న్యూహేవెన్ పట్టణములోని వించెస్టర్ వారు 1925లో మోడల్ 54 ను, దానిని సవరించి 1936లో మోడల్ 70 ను తెచ్చినప్పుడు ఈ కొక్కెమునే ఉంచుకొన్నారు. అట్లని 1963 వరకు వచ్చినవన్నీ ఒకే అచ్చున పోసినట్లుంటాయనుకోరాదు. యుద్ధమునకు ముందటి తుపాకులలో రిసీవరు వెనుక కొస మూడు రేకుల ఆకు వలె ఉండేది. తరువాత అది కోలగా మారినది. మొదటి సేఫ్టీ మీట బోల్టు నెత్తిన ఉండి దూరదర్శిని బిగించినవారికి అడ్డు తగిలేది. యుద్ధానంతరము దానిని కుడి ప్రక్కకు మార్చారు. దూరదర్శినుల వాడుక పెరిగినకొలది రిసీవరు వెనుక వంతెన మీద మరలకు రంధ్రములు కూడ ఫ్యాక్టరీలోనే పడినవి.

యుద్ధకాలములో ఆ ఫ్యాక్టరీ సైన్యమునకు గరాండ్ రైఫిళ్లను, కార్బైనులను తయారు చేసినది. ఆ తరువాత కొంతకాలము పాత భాగములు, కొత్త భాగములు ఒకే తుపాకిలో కలిసి వచ్చినవి. మిగిలిన సరకు పారవేయక వాడుకొనడము ఏ ఫ్యాక్టరీకైనా సహజమే. కాని మార్పు ఫలానా సంఖ్యతో మొదలైనదని గీత గీయబోయినవారికి ఈ మధ్యకాలపు తుపాకులు తలనొప్పి తెచ్చిపెట్టినవి.

అసలు చిక్కు ఖర్చులో ఉన్నది. ఉక్కు దిమ్మను మిల్లింగు యంత్రములపై చెక్కి ఈ భాగములు చేయవలెను. యుద్ధము తరువాత కూలిరేట్లు పెరిగినవి. పోటీదారైన రెమింగ్టన్ గుండ్రని కడ్డీని లేతు మీద తరిమి రిసీవరు చేసే సులువైన పద్ధతి పట్టి, 1962లో మోడల్ 700 ను తెచ్చినది. వించెస్టర్ వారు 1964లో పొడవాటి కొక్కెమును తీసివేసి, బోల్టు ముఖములో ఇమిడే చిన్న కొక్కెమును పెట్టారు. చేతితో చెక్కిన కొయ్యపని స్థానములో అచ్చు ఒత్తిన నగిషీ వచ్చినది.

కొత్త పద్ధతిలో బోల్టు తూటాను కేవలము ముందుకు నెట్టుతుంది; మూత బిగిసేటప్పుడు మాత్రమే కొక్కెము దానిని పట్టుకొంటుంది. గాయపడిన ఎలుగుబంటి మీదికి వస్తున్నది. వేటగాడు తొందరలో బోల్టును పూర్తిగా మూయక వెనుకకు లాగాడనుకొందాము. పాత తుపాకిలో తూటా బోల్టుతోబాటు వెనుకకు వచ్చి బయటపడుతుంది. కొత్తదానిలో అది గొట్టములోనే ఉండిపోతుంది. మళ్లీ తోయగానే రెండవ తూటా దాని వెనుక గుచ్చుకొని తుపాకి అడ్డుపడుతుంది.

అయితే కొత్తదానిని పూర్తిగా తీసిపారవేయడము న్యాయము కాదు. తూటా కొక్కెము క్రిందికి జారవలెనంటే బోల్టు ముఖము క్రింది అంచు తెరచి ఉండక తప్పదు. నెట్టుడు రకములో ఉక్కు వలయము తూటా మడమను చుట్టూ కప్పుతుంది. గుల్ల పగిలినప్పుడు ఇది మేలు. లేళ్ల వేటకు పోయేవారిలో చాలామందికి పై ప్రమాదము జీవితములో ఎదురు కాదు. అయినా కొన్నవారు ఒప్పుకోలేదు. 1968లో బోల్టు పట్టివేయకుండ జారుటకు సవరణ చేశారు. కొక్కెము మాత్రము చిన్నదే.

1990 దశకములో 'క్లాసిక్' పేరుతో పాత పొడవాటి కొక్కెము తిరిగి వచ్చినది. కంప్యూటరు నడిపే యంత్రములు అప్పటికి రావడముతో, ఒకప్పుడు భారమైన చెక్కుడు పని తేలికైనది. న్యూహేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడినది. 2008 నుండి దక్షిణ కరోలినాలోని కొలంబియాలో మోడల్ 70 తయారీ మళ్లీ మొదలైనప్పుడు, దానికి అమర్చినది మౌజర్ నాటి ఆ పొడవాటి కొక్కెమునే.