బందరు డాక్టరు గారి బ్యాంకు

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర జార్జ్ సోరోస్ మీద పెద్ద వాదన నడిచింది. 1992లో బ్రిటిష్ పౌండు పడిపోతుందని పందెం కాసి దాదాపు 100 కోట్ల డాలర్లు లాగిన హెడ్జ్ ఫండ్ ఆసామి కదా, మార్కెట్లో సంపాదించిన డబ్బుని దేశదేశాల రాజకీయాల్లోకి పంపడం ఏంటి అని ఒకడు, ఆయన డబ్బు ఆయనిష్టం అని ఇంకొకడు. నాకైతే భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు గుర్తొచ్చారు. మాది దివిసీమలో కోడూరు లెండి, అవనిగడ్డ, చల్లపల్లి దాటి వెళ్తే బందరు. ఆ బందరు డాక్టరు గారిది సరిగ్గా తిరగేసిన కథ. ముందు రాజకీయం, దాంట్లోంచి బ్యాంకు.

మద్రాసులో వైద్యం చదివి 1906లో బందరులో ప్రాక్టీసు పెట్టారాయన. అదే ఏడు మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి వేలమంది డిపాజిట్లు మునిగిపోయాయి. తెల్లదొరల కంపెనీ కాబట్టి భద్రం అనుకున్నవాళ్ళందరికీ దెబ్బ. మరుసటేడు ఇండియన్ బ్యాంక్ పుట్టడానికి అదే కారణం. ఇక మన డెల్టా సంగతి. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టాక కాలవల కింద పంటకి లోటు లేదు, కానీ ఊడ్పులకి డబ్బు కావాలంటే షావుకారుకి నోటు రాసివ్వాలి, కళ్ళంలో ధాన్యం కొలిచి తీర్చాలి. పంట మనది, వడ్డీ వాళ్ళది.

పట్టాభి ప్రాక్టీసు వదిలేసి పూర్తిగా కాంగ్రెస్‌లోకి దిగి, 1923 నవంబరులో బందరులోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. చెల్లించిన మూలధనం 1 లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు. ఒక్కసారి తేదీలు చూడండి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953లో. అంటే లేని రాష్ట్రం పేరుని 30 ఏళ్ళ ముందే బోర్డు మీద రాశారన్నమాట! నన్నడిగితే అసలు పెట్టుబడి ఆ లక్ష కాదు, ఆయన పేరు. కాంగ్రెస్ నాయకుడు పెట్టిన బ్యాంకు ముంచదులే అన్న నమ్మకం. ఇవాళ ఒక పార్టీ నాయకుడు బ్యాంకు పెడతానంటే మనమే ముందు లేచి గోల చేస్తాం, చెయ్యాలి కూడా. అప్పట్లో అదే దానికి బలమైంది.

చరిత్ర పుస్తకాల్లో మాత్రం ఆయన ఓడిపోయిన మనిషి. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ బోస్‌కి 1,580 ఓట్లు, ఈయనకి 1,377. గాంధీ గారు అది తన ఓటమే అనడంతో ఆ ముద్ర మరీ గట్టిగా పడిపోయింది. 1948లో అదే పదవికి గెలిచారని ఎంతమందికి తెలుసు?

నాకు మింగుడుపడనిది ఆ తర్వాతది. భాషా రాష్ట్రాల మీద కాంగ్రెస్ వేసిన కమిటీలో నెహ్రూ, పటేల్‌తో పాటు ఈయన మూడోవారు. 1949లో ఇచ్చిన నివేదికలో భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దన్నారు, ఆంధ్ర కావాలంటే మద్రాసు నగరం మీద ఆశ వదులుకోమన్నారు. ఏళ్ళ తరబడి ఆంధ్ర రాష్ట్రం కోసం వాదించిన మనిషి దాని మీద సంతకం పెట్టారు. ద్రోహం అన్నవాళ్ళున్నారు. నేనంత మాట అనను. చేతికొచ్చేదెంతో లెక్క చూసుకున్న బ్యాంకరు బుద్ధే అక్కడా పనిచేసిందేమో అనిపిస్తుంది. 1952లో పొట్టి శ్రీరాములు గారి ప్రాణం పోయాక వచ్చిన రాష్ట్రం కూడా మద్రాసు లేకుండానే వచ్చింది.

ఆయన 1959లో పోయారు. బ్యాంకుని 1980లో జాతీయం చేశారు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. మావైపు చాలామంది ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకనే అంటారు, బోర్డు మీద ఏముంటే వాళ్ళకేం? మనలాంటి వాళ్ళకి తెలిసింది మాత్రం ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారినప్పుడే. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్‌లు 2021 ఏప్రిల్ 1 నుంచి చెల్లడం మానేశాయి.