బేరమాడితే ధర రెట్టింపయింది

1504 జనవరిలో ఫ్లోరెన్స్‌లో సంపన్నుల ఇంట పెళ్లి జరిగింది. వరుడు అన్యోలో డోనీ, బట్టల వర్తకుడు. వధువు మద్దలేనా స్ట్రోజ్జి, నగరంలో పేరున్న వంశపు ఆడపడుచు. 1507లో వారికి మరియా అనే కూతురు పుట్టింది. ఆ పెళ్లి గుర్తుగానో, బిడ్డ పుట్టిన సంబరంలోనో డోనీ ఇంటికి ఓ పవిత్ర కుటుంబ చిత్రం గీయించుకున్నాడు. గీసినవాడు మైకెలాంజెలో. పలక మీద ఆయన గీసి, పూర్తిచేసిన చిత్రాల్లో ఆయనదేనని అందరూ ఒప్పుకునేది ఇదొక్కటే.

120 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఈ గుండ్రటి చిత్రాన్ని ‘డోనీ టోండో’ అంటారు. ఫ్లోరెన్స్‌లో గుండ్రటి భక్తి చిత్రాలు గుడికన్నా ఇంటి గోడకే ఎక్కువగా చేసేవారు. చెక్కిన చట్రంలో స్ట్రోజ్జి వంశ చిహ్నమైన నెలవంకలు కనిపిస్తాయి. దేవుడి కుటుంబం చుట్టూ వధువు పుట్టింటి గుర్తులన్నమాట!

లోపలి బొమ్మ మాత్రం ఇంటి అలంకారంలా ఒదిగి ఉండదు. మేరీమాతకు సింహాసనం లేదు. నేల మీదే కూర్చుని, నడుము తిప్పి, వెనకనున్న యోసేపు వైపు రెండు చేతులూ చాచింది. బాల యేసును అందుకుంటోందా, అందిస్తోందా? పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కండలు తేలిన ఆ చేతులు చూస్తే, అప్పుడే ‘డేవిడ్’ విగ్రహం ముగించిన శిల్పి చేతిలో కుంచె ఉందని తెలిసిపోతుంది. వెనక చిన్న గోడకు అవతల బాల యోహాను. ఆ వెనక రాతిగట్టుకు ఆనుకున్న నగ్న యువకులు. వాళ్లు క్రీస్తుకు ముందటి ప్రపంచమని కొందరు, బాప్తిస్మం కోసం వేచి ఉన్నవాళ్లని ఇంకొందరు అంటారు. వారిలో ఒకరి భంగిమ 1506లో రోమ్‌లో తవ్వకంలో దొరికిన లావోకూన్ శిల్పాన్ని గుర్తుచేస్తుంది. దాన్ని చూడ్డానికి వెళ్లినవారిలో మైకెలాంజెలో కూడా ఉన్నాడు.

ఇక సొమ్ము సంగతి. కళాకారుల జీవితాలు రాసిన వసారి చెప్పిన కథ ఇది: చిత్రంతోపాటు 70 డ్యూకాట్లకు చీటీ వచ్చింది. లెక్క చూసి ఖర్చుపెట్టే డోనీ 40 చాలని పంపాడు. ఒళ్లు మండిన మైకెలాంజెలో, వంద ఇస్తావా, బొమ్మ తిరిగిస్తావా అని కబురంపాడు. బొమ్మ నచ్చిన డోనీ, సరే, మొదటి 70 ఇస్తానన్నాడు. ఈసారి జవాబు: 140. చివరికి అంతా కక్కాల్సి వచ్చింది. వసారి కథలకు కొంత ఉప్పూకారం దట్టించేవాడు కాబట్టి, అంకెలు అటూఇటూ అయినా కావచ్చు.

చిత్రం విలువ మరోసారి ఇరవయ్యో శతాబ్దంలో తెలిసింది. 1980ల్లో, మైకెలాంజెలో బొమ్మలు గీసిన సిస్టీన్ చాపెల్ కప్పును శుభ్రం చేస్తే, మసి కింద నుంచి పచ్చలు, గులాబీలు, నారింజలు బయటపడ్డాయి. మైకెలాంజెలో రంగులు ఇంత గాఢంగా ఉంటాయా, అసలు పొరనే గీకేశారంటూ కొందరు విమర్శకులు మండిపడ్డారు. శుభ్రం చేసినవారి వైపు నిలిచినవారు ఉఫ్ఫీజి మ్యూజియంలోని ఈ చిత్రాన్ని చూపించారు. సిస్టీన్ పని మొదలుకాకముందే, డోనీ ఇంటి కోసం మైకెలాంజెలో ఇవే మెరిసే రంగులు వాడాడు. ఆ వర్తకుడు రెట్టింపు ధర పెట్టి దక్కించుకున్న బొమ్మే అయిదు శతాబ్దాల తర్వాత చిత్రకారుడి తరఫున సాక్ష్యం చెప్పింది.